మనిషికి ఒక కిలో

మా జేవిలెన్‌లో ఎవరిని కదిలించినా చెబుతారు, మైన్‌రాడ్ హుగెన్‌టోబ్లర్ మాంసం కొట్టుకి వెళ్తే ముందు ఉపన్యాసం, ఆ తర్వాతే సాసేజ్. తూకం వేస్తూ వేస్తూ మా దేశపు ఐదు ఫ్రాంకుల బిళ్ళ ఒకటి తీసి బల్ల మీద టంగుమని కొట్టేవాడు. "విన్నారా? చప్పుడంటే ఇదీ! ఇటలీవాళ్ళ లీరా ఏనాడైనా ఇలా మోగిందా? వానలో తడిస్తే ముద్దయిపోయే కాగితం అది. ఇప్పుడేమో యూరో అని పేరు మార్చుకున్నారు. పేరు మారిస్తే పిల్లి పులవుతుందా?" అనేవాడు. మా ఊరు బోడెన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఒడ్డుకెళ్ళి నిలబడితే అవతల జర్మనీ కనబడుతుంది. వాళ్ళదీ ఇప్పుడా యూరోనే, అందుకని అటువైపు చెయ్యి చూపించి మరీ అనేవాడు. వినీ వినీ మా చెవులకు చిల్లులు పడ్డాయి గానీ, లోపల్లోపల మాకూ అదే గర్వం. లేదంటే అబద్ధం.

అతను పుట్టింది ఆ కొట్టు మీది గదిలోనే, యాభైమూడులో. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇరవైయైదేళ్ళ వయసులో ఒకటి చూశాడు, చూసి కూడా నేర్చుకోలేదు. డెబ్భైయెనిమిదిలో మా ఫ్రాంకు విలువ ఎక్కడం మొదలుపెట్టి, మరి దిగితే ఒట్టు. అతని మేనత్త క్రెసెంజ్ సెంట్ గాలెన్‌లో లేసు కుట్టే మిల్లులో ఉండేది. పారిస్ బేరగాళ్ళకి మా లేసు ధర ఆకాశంలో కనబడింది. వాళ్ళు రావడం మానేశారు. మిల్లు మూతపడింది. వేళ్ళతో పూలు పూయించే మనిషి, ఆ తర్వాత ఇరవైయేళ్ళు ఆసుపత్రిలో దుప్పట్లు మడత పెట్టింది. "నాణెం లావెక్కితే కుట్టేవాళ్ళు సన్నబడతారురా" అన్నాడు తండ్రి. మైన్‌రాడ్ నవ్వేశాడు. "అది బట్టలవాళ్ళ గొడవ నాన్నా. వేడి వేడి సాసేజ్ కోసం దేశం దాటి ఎవడు పోతాడు?" అన్నాడు. ఈ మాట అతను ముప్పైయేడేళ్ళు నమ్మాడు.

నమ్మడానికి కారణాలు లేకపోలేదు. గట్టి ఫ్రాంకు అతన్ని బాగానే చూసుకుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ ప్రతి వేసవిలో రెండు వారాలు భార్య లిడియాని వెంటేసుకుని ఇటలీ వెళ్ళేవాడు. ఇక్కడ ఉల్లిపాయలు లెక్కపెట్టి కొనే మనిషి అక్కడ దొరబాబు. సముద్రం కనబడే గది, రోజూ చేపలు, వడ్డించేవాడి చేతిలో నోట్లు. తిరిగొచ్చాక నెలరోజులు అదే కథ. "మనం ఏమీ చెయ్యక్కర్లేదు, నిద్రపోతున్నా సరే, మన జేబులో డబ్బు దానంతటదే పెరుగుతుంది. ఇంతకంటే మంచి దేశం ఎక్కడైనా ఉందా?" అనేవాడు. కాఫీ, పెట్రోలు, జర్మనీ కారు, అన్నీ ఏటికేడు చవక. పొదుపు చేసిన పైసా కరిగిపోదు. ఇది నిజమే కదా, కాదనడానికి నేనెవరిని?

అన్నిటికంటే అతనికి ప్రాణం ఆగస్టు ఒకటి. దేశం పుట్టినరోజు. ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున మంట వేస్తాం, పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుంటారు, పంచాయతీ ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక సాసేజూ ఒక గట్టి రొట్టే ఊరికే ఇస్తుంది. ఆరువందల సాసేజ్‌లు. దూడమాంసం, పాలు కలిపి చేసిన తెల్లవి. తండ్రి కాలం నుంచీ నలభైయొక్కేళ్ళు అవి హుగెన్‌టోబ్లర్ కొట్టు నుంచే వచ్చాయి. నిప్పుల ముందు నిలబడి కాల్చేది కూడా మైన్‌రాడే, మెడకి ఎర్ర రుమాలు కట్టుకుని. ఆ బేరం చూసే మిగతా వేసవి బేరాలు వచ్చేవి. తుపాకీ గురి పోటీలవాళ్ళు, పాటల సంఘం, అగ్నిమాపక దళం, అందరూ.

రెండువేల పదిహేను జనవరి పదిహేను, గురువారం. పదిన్నరకి రేడియోలో చెప్పారు. ఇన్నాళ్ళూ ఒక యూరో ధర ఒక ఫ్రాంకు ఇరవై పైసలకి తగ్గకుండా అడ్డుపడుతున్న దేశపు బ్యాంకు, ఇక అడ్డుపడనని చేతులెత్తేసింది. భోజనాల వేళకి యూరో ఫ్రాంకుతో సమానమైపోయింది. కొట్టులో ఆ సమయానికి ఉన్నది మైన్‌రాడూ, అతని పనివాడు ఎగోనూ. ఎగోన్ పందొమ్మిదేళ్ళుగా సరిహద్దు దాటగానే ఉన్న కాన్‌స్టాన్జ్ నుంచి సైకిలు మీద వచ్చి పని చేసి పోయే జర్మను. జీతం మాత్రం ఫ్రాంకుల్లో.

ఎగోన్ కత్తి కింద పెట్టేశాడు. "బాస్, అంటే పొద్దున్న ఇంటి నుంచి బయల్దేరినప్పటి నా జీతం వేరు, ఇప్పటి జీతం వేరన్నమాట. ఐదో వంతు పెరిగింది. మీరు పెంచలేదు, నేనడగలేదు."

"నా దేశానికి దండం పెట్టుకో!" అన్నాడు మైన్‌రాడ్.

"పెడతా. రెండు చేతులూ జోడించి పెడతా. కారు మార్చాలని మా ఆవిడ ఎప్పణ్ణుంచో పోరు పెడుతోంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. సరిగ్గా ఆ వారమే మైన్‌రాడ్ ఒక పని చేశాడు. సాసేజ్ నింపే పాత మిషను కారుతోంది. దాన్ని ఇరవైయైదేళ్ళుగా బాగుచేస్తున్నది పక్క ఊరి వెండెలిన్. ఇద్దరికీ ఒకే తుపాకీ సంఘం, బారులో ఒకే బల్ల. వెండెలిన్ వచ్చి చూసి, సిలిండరు కొత్తగా చేసి పెడతాను, ఇంకో పదేళ్ళు ఢోకా ఉండదన్నాడు. ఆరువేలు అవుతుందన్నాడు. మైన్‌రాడ్ సరేనన్నాడు. ఆ గురువారం రేడియో విన్నాక సరే కాస్తా గాలికి పోయింది. జర్మనీ కంపెనీ కొత్త మిషను ఇరవైనాలుగువేల యూరోలు. బుధవారం కొంటే ఇరవైతొమ్మిదివేల ఫ్రాంకులు అయ్యేది, సోమవారం ఇరవైనాలుగున్నర! ఇంకా ఆగుతాడా, సోమవారమే ఆర్డరు పెట్టేశాడు.

ఆర్డరు పెట్టిన వారం శుక్రవారం హిర్షెన్ బారులో అందరికీ బీరు పోయించాడు. "దేశపు బ్యాంకు నాకు నాలుగున్నర వేలు బహుమానం ఇచ్చిందర్రా! తాగండి!" అన్నాడు. వెండెలిన్ ఆ మూల బల్ల దగ్గరే ఉన్నాడు. తన గ్లాసు తను తాగి, తన డబ్బులు తనే కట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. "వీడికేమొచ్చింది?" అన్నాడు మైన్‌రాడ్, నిజంగానే తెలియక. మే నెలలో వెండెలిన్ షెడ్డు మూసేశాడని తెలిసినప్పుడు, "అయ్యో పాపం, కాలం బాలేదు" అన్నాడు. తనది తప్పన్న ఊహే రాలేదు. ఎవడికైనా తనదాకా వస్తే గానీ తెలియదు కదా.

తనదాకా రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఫిబ్రవరి శనివారాల్లో కొట్టు గంట మోగడం తగ్గింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, రుచి మాట దేవుడెరుగు, ఇక్కడ ధర సగం. కాన్‌స్టాన్జ్ రైల్లో నిలబడే చోటు దొరకలేదు. మావాళ్ళు చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోయి, నిండా కుక్కుకుని వచ్చి, సరిహద్దు దగ్గర ఆకుపచ్చ చీటీ మీద ముద్ర కొట్టించుకోవడానికి అరగంట వరసలో నిలబడేవాళ్ళు. ఆ ముద్ర ఉంటే జర్మనీవాడు తన పన్ను కూడా వెనక్కిచ్చేస్తాడు. మాంసం మాత్రం మనిషికి రోజుకి ఒక కిలోకి మించి తేకూడదని మా చట్టం. మావాళ్ళు చట్టానికి ప్రాణమిస్తారు. ఒక కిలో అంటే ఒక కిలోనే. ఇంటికి నలుగురుంటే నలుగురూ వెళ్ళేవాళ్ళు, ఉయ్యాల్లో పిల్లతో సహా. మళ్ళీ ఆదివారం చర్చి ముందు ఒకరినొకరు చూసి, మన ఊరి కొట్లని మనమే నిలబెట్టుకోవాలనే మాట! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.

మైన్‌రాడ్ భోజనం దగ్గర కూర్చుని తిట్టేవాడు. "దేశద్రోహులు! మన జీతం, మన ఫ్రాంకు, తీసుకెళ్ళి వాడి కొట్లో పోసొస్తున్నారు!"

ఒకరోజు లిడియాకి ఒళ్ళు మండింది. "నీ నాలుగు తెల్ల ఆప్రన్లు ఏ సబ్బుపొడితో ఉతుకుతున్నానో తెలుసా?"

"ఏ సబ్బుపొడి?"

"జనవరి నుంచీ కాన్‌స్టాన్జ్ సబ్బుపొడి. ఇక్కడ పద్నాలుగు, అక్కడ ఆరు. ఏం, మన జెండా పెట్టి ఉతకమంటావా? కొట్లో వచ్చేదేమో సగమైపోయె. నేను చూసీ చూడనట్టు ఉంటే ఇల్లు నడుస్తుందా?"

మైన్‌రాడ్ తన ఆప్రన్ అంచు ఎత్తి ఒకసారి వాసన చూసుకుని, మళ్ళీ చెంచా అందుకున్నాడు. 

కొత్త మిషను మార్చిలో దిగింది. తళతళలాడుతూ, గంటకి వెయ్యి సాసేజ్‌లు నింపుతుంది. కానీ వారం మొత్తానికి వెయ్యి అమ్ముడుపోవడం లేదు. సోమవారం నింపితే శుక్రవారం దాకా దాన్ని తుడుస్తూ కూర్చునేవాడు ఎగోన్. ఇన్నేళ్ళ అలవాటు మానని వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్ళలో తొంభైయొక్కేళ్ళ నేగెలిగారు ఒకరు. నాలుగు చక్రాల ఊతబండి తోసుకుంటూ శుక్రవారం పదకొండింటికి వచ్చి, రెండంటే రెండు సాసేజ్‌లు కొనుక్కుని వెళ్ళేది. ఆవిడ కొనే రెండింటితో కొట్టు నిలుస్తుందా చెప్పండి.

మైన్‌రాడ్‌కి పింఛను రావడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళూ ఎలాగో ఈడ్చుకొస్తే చాలు. జూన్ చివర ఎగోన్‌ని వెనకగదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. ఏనాడూ కూర్చోబెట్టలేదు కాబట్టి ఎగోన్‌కి అప్పుడే అర్థమైంది.

"చూడు ఎగోన్, దాపరికం లేదు. ఆగస్టు ఒకటి బేరం వస్తే వేసవి బేరాలన్నీ దాని వెంటే వస్తాయి. అప్పుడు నువ్వుంటావు, కొట్టుంటుంది. అది రాకపోతే నీకు నోటీసు ఇవ్వాలి. నీ తర్వాత నేనూ ఎన్నాళ్ళో ఉండను."

"నలభైయొక్కేళ్ళుగా వస్తున్న బేరం ఎందుకు రాదు బాస్?"

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు మైన్‌రాడ్.

ఆ వారమే పంచాయతీ ప్రెసిడెంటు స్టేహెలిగారు కొట్టుకి వచ్చింది. ఏమీ కొనలేదు. చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "హుగెన్‌టోబ్లర్‌గారూ, ఈసారి ఒక చిన్న మార్పండి. ఖర్చులు తగ్గించమని సభలో అందరూ పట్టుబట్టారు. రొట్టే పానీయాలూ మేం చూసుకుంటాం. సాసేజ్‌లకి మాత్రం వ్యాయామ సంఘానికి పన్నెండువందలు ఒకేసారి ఇచ్చేస్తున్నాం. వాళ్ళెక్కడ కొనుక్కుంటారో వాళ్ళిష్టం. మిగిలితే వాళ్ళ హాలు కప్పు బాగుచేసుకుంటారు."

"ఆరువందల సాసేజ్‌లకి పన్నెండువందలా? అంటే ఒకటి రెండు ఫ్రాంకులు! లోపలి మాంసానికే రెండున్నర అవుతుందమ్మా!"

"నాకు తెలుసండీ. నేనైతే మీ సాసేజే తింటాను" అంది ఆవిడ, వెళ్ళిపోతూ.

వ్యాయామ సంఘం కోశాధికారి కోబి. మైన్‌రాడూ వాడూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. మైన్‌రాడ్ ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించి, పొద్దున్నే వాడింటికి వెళ్ళి చెప్పాడు, రెండు ఫ్రాంకులకే ఇస్తాను, నష్టానికే ఇస్తాను, బేరం మాత్రం నాకే ఉంచరా అని. జీవితంలో మొదటిసారి బతిమాలాడు. కోబి గడ్డం గోక్కున్నాడు. "కమిటీలో పెడతా లేరా. నువ్వు మనవాడివి కాదా ఏమిటి" అన్నాడు. ఆ మాటకే మైన్‌రాడ్ పొంగిపోయి, ఇంటికొచ్చి దూడమాంసానికి చెప్పేశాడు, డెబ్భై కిలోలు. కమిటీ ఏమన్నదో కనుక్కోవాలనిపించలేదు. నలభైయొక్కేళ్ళ మర్యాద, అడిగితే చిన్నతనం అనుకున్నాడు.

జులై మూడో వారంలో సోమవారం ఎగోన్ కొట్టులోకి వచ్చి, ఆప్రన్ కట్టుకోకుండా నిలబడ్డాడు.

"ఏమైందిరా? సైకిలు పాడైందా?"

"బాస్, నేనొకటి చూశా. చెప్పకపోతే ఉండలేను, చెబితే నా నోటీసు నేనే రాసుకున్నట్టు."

"చెప్పు."

"శనివారం మా ఇంటి దగ్గర పెద్ద బజారులో వరసలో నిలబడ్డా. నా ముందు మీ ఊరి డ్రిల్లు మాస్టారు. ఆయన బుట్టలో కాల్చుకునే సాసేజ్‌లు, సరిగ్గా ఒక కిలో. ఇంకేం లేదు. వెనక్కి తిరిగితే కోబిగారి భార్య. ఆవిడ బుట్టలోనూ ఒక కిలో. పక్క వరసలో పోస్టుమాను, ఆయన ఇద్దరు కూతుళ్ళు. తలా ఒక కిలో. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు బాస్, నేల చూపులు. నన్ను చూసి మాస్టారు ఏమన్నాడో తెలుసా? ఈ ఏడు వాన బాగా పడిందండీ అన్నాడు."

"ఇళ్ళకి కొనుక్కుంటున్నారేమో."

"పదకొండుమందిని లెక్కపెట్టా. పదకొండు ఇళ్ళల్లో ఒకేరోజు ఒకే రకం సాసేజా?"

మైన్‌రాడ్ ఆప్రన్‌తోనే బయల్దేరాడు. చేతులు కూడా కడుక్కోలేదు. కోబి గ్యారేజీ తలుపు తీసే ఉంది. లోపల కారుండే చోట పొడుగాటి ఫ్రీజరు పెట్టె ఉంది. మైన్‌రాడ్ అడక్కుండానే మూత ఎత్తాడు. జర్మనీ బజారు బొమ్మ వేసిన పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి, ఒక్కోటి ఒక కిలో. పక్కన గోడకి కాగితం, దాని మీద సంఘ సభ్యుల పేర్లు, తెచ్చినవాళ్ళ పేరు పక్కన టిక్కు.

కోబి ఇంట్లోంచి వచ్చాడు. మొహం పాలిపోయింది గానీ వెంటనే సర్దుకున్నాడు. "అరవకు. చట్టప్రకారమే తెచ్చాం. మనిషికి కిలో. సొంతానికైనా, కానుకగా ఇవ్వడానికైనా తెచ్చుకోవచ్చని రాసుంది. ఊరికి ఇచ్చేది కానుకే కదా. డెబ్భైయెనిమిది కిలోలు కావాలి, ఇంకా పదహారు తక్కువ."

"దేశం పండగ రా ఇది! మంట ముందు నిలబడి పాట పాడతారు, చేతిలో జర్మనీవాడి సాసేజ్ పట్టుకుని! సిగ్గు లేదా మీకు?"

"పన్నెండువందల్లో ఐదువందలు కూడా కాలేదురా. మిగిలిందంతా హాలు కప్పుకే. పిల్లలు వానలో తడుస్తూ గంతులెయ్యాలా?"

"నేను రెండుకే ఇస్తానన్నానుగా! నష్టపోయి ఇస్తానన్నా! ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా? సొంత ఊరివాడి కడుపు కొట్టి..."

"ఆగరా, ఆగు" అన్నాడు కోబి. ఈసారి గొంతు పెంచలేదు, అదే పెద్ద దెబ్బ. "సొంత ఊరు, సొంత మనిషి అంటున్నావు. నీ కొట్లో తళతళలాడుతున్న మిషను ఎక్కడిది? హిర్షెన్‌లో మాకందరికీ బీరు పోయించావే, ఎందుకు పోయించావు? వెండెలిన్ ఆ మూల కూర్చునే ఉన్నాడు. ఆవేళ నాకు సిగ్గేసింది. నేను కూడా ఆ బీరు తాగాను, అది వేరే విషయం. ఇప్పుడు వాడు బస్సు డిపోలో అద్దాలు తుడుస్తున్నాడు, తెలుసా నీకు?"

మైన్‌రాడ్‌కి తెలియదు. ఏదో అనబోయాడు. నాది వేరు, నాది పెట్టుబడి, నాది మిషను, అందామనుకున్నాడు. ఫ్రీజరు మూత ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. దాన్ని మెల్లగా దించాడు.

వెళ్ళిపోతుంటే కోబి వెనకనుంచి పిలిచాడు. "మైన్‌రాడ్, కాల్చడానికైతే వస్తావు కదా? నిప్పులు నీకు తెలిసినట్టు ఎవడికి తెలుసు?" అంతకంటే దిగజారుడు మాట నేను వినలేదు.

జులై ముప్పైయొకటిన ఎగోన్‌కి నోటీసు కాగితం ఇచ్చాడు. చట్టం ప్రకారం మూడు నెలల గడువు. ఎగోన్ అక్కడే నిలబడి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ మీద నాకేం కోపం లేదు బాస్. మీ ఫ్రాంకు జనవరిలో నా జీతం పెంచింది, జులైలో నా ఉద్యోగం తీసేసింది. రెండుసార్లూ నన్నడగలేదు. మిమ్మల్నీ అడగలేదు." తర్వాత అన్నాడు, "కొత్త కారు వాయిదాలే కొంచెం కష్టం."

డెబ్భై కిలోల దూడమాంసం వచ్చేసింది. వెనక్కి పంపితే మర్యాద పోతుందని మైన్‌రాడ్ పంపలేదు. అందులో కొంత ఎండబెట్టాడు, కొంత ఉప్పు పెట్టాడు, మిగిలింది ఒడ్డున ఉన్న శరణార్థుల ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చాడు.

ఆగస్టు ఒకటి సాయంత్రం అతను వెళ్ళడనే అనుకున్నాం. ఆరింటికల్లా వచ్చాడు. మెడకి ఎర్ర రుమాలు. నిప్పుల దగ్గర డ్రిల్లు మాస్టారు పొగలో దగ్గుతూ సాసేజ్‌లు సగం మాడ్చేసి ఉన్నాడు. మైన్‌రాడ్ ఆయన చేతిలోంచి పట్టకారు లాక్కుని, "జరగండి. తిండిని పాడు చెయ్యకండి" అన్నాడు. పొగరు కాదు అది. ఎవరి సాసేజ్ అయినా మాడిపోతుంటే చూడలేడు, అంతే. బొగ్గుల్ని అటూ ఇటూ జరిపాడు. సెగ తగ్గించాడు. ఒక్కో దాన్నీ తిప్పి తిప్పి, తొక్క పగలకుండా, గోధుమరంగు వచ్చేదాకా కాల్చాడు. పాలు పొయ్యని సాసేజ్, లోపల బిరుసు. దాన్ని కూడా మెత్తగా కాల్చి పెట్టాడు. నలభైయొక్కేళ్ళ పనితనం ఎక్కడికి పోతుంది!

వరసలో వచ్చినవాళ్ళు పళ్ళెం చాపి, అతని మొహం చూడకుండా, బాగున్నావా మైన్‌రాడ్ అని పక్కకి తప్పుకున్నారు. బల్లల మీద ఈ ఏడు కొత్తగా ఆవముద్ద సీసాలు పెట్టారు. మావైపు సాసేజ్‌కి ఆవముద్ద పూసుకోవడమంటే చేసినవాడి మొహాన పూసినట్టే. నాసిరకం సరుకుకే దాని అవసరం. ఆ సీసాలని మైన్‌రాడ్ చూశాడు. చూసి, మళ్ళీ నిప్పుల వైపు తిరిగాడు.

అప్పుడొచ్చింది నేగెలిగారు, ఊతబండి టకటకలాడించుకుంటూ. సాసేజ్ తీసుకుని నిప్పుల పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎవరో ఆవముద్ద సీసా ముందుకి జరిపితే, "తియ్యవయ్యా దాన్ని! మైన్‌రాడ్ ముందే పెడతావా!" అని కసిరింది. నెమ్మదిగా నమిలింది. కళ్ళు మూసుకుని మరీ నమిలింది.

"అబ్బాయ్ మైన్‌రాడ్."

"చెప్పండి నేగెలిగారూ."

"మీ నాన్న చేత్తో చేసినవి తిన్నా, నీవీ తిన్నా. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదురా నీకు. అందరూ అవతలికి పోతున్నారట కదా, పోనీ వెధవల్ని. ఇలాంటిది చెయ్యడం వాళ్ళ తరమా? నువ్వుండగా నేను మాత్రం ఆ గట్టు తొక్కను."

ఆ చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళం పదిమందిమి ఉంటాం. కోబి ఉన్నాడు. స్టేహెలిగారు ఉంది. మైన్‌రాడ్ పట్టకారు పట్టుకుని ఆవిడనే చూశాడు. నిజం చెప్పేస్తాడనుకున్నాం. చెప్పేస్తే బాగుండుననీ అనుకున్నాం, మా బరువు దిగిపోయేది.

"బాగుందా?" అన్నాడు. "ఇంకొకటి తీసుకోండి నేగెలిగారూ. వేడిగా ఉంది." మంచిది ఏరి, ఆవిడ పళ్ళెంలో వేశాడు. తర్వాత పట్టకారు బొగ్గుల పక్కన పెట్టేసి, రుమాలు విప్పి జేబులో కుక్కుకుని, పండగ మంట వెలిగించకముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

సోమవారం కొట్టు తెరవలేదు. ఎగోన్‌కి మూడు నెలల జీతం ఇంట్లో కూర్చోబెట్టి ఇచ్చాడు. పొదుపు డబ్బు ఉంది కదా, గట్టి ఫ్రాంకుల్లో. దానికి అరుగుదల లేదు. ఇప్పుడు చలికాలం మొత్తం ఇటలీలోనే ఉంటారట, అక్కడ చవక. లిడియా పోస్టుకార్డు రాస్తుంది, అతను సంతకం కూడా పెట్టడు.

నేగెలిగారు ఇంకా శుక్రవారం పదకొండింటికి వస్తుంది. మూసిన తలుపు ముందు ఊతబండి ఆపి నిలబడి, దారినపోయే ప్రతివాణ్ణీ ఆపి అడుగుతుంది. "అంత మంచి సాసేజ్ చేసేవాడు కొట్టెందుకు మూసేశాడయ్యా?" తెలియదండీ అంటాం, ఆరోగ్యం బాలేదేమో అంటాం. నిన్న నన్ను ఆపి అడిగింది. ఏం చెప్పను? ఆ డెబ్భైయెనిమిది కిలోల్లో నేను తెచ్చిందీ ఒక కిలో ఉంది.